స్లొవాక్ పూర్వీకుల అన్వేషణ: ముందు ఊరు దొరకాలి

చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1928లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జన్మించారు. ఆయన తల్లిదండ్రులిద్దరిదీ మీకొవా అనే చిన్న కొండపల్లె. నేటి స్లొవేకియా ఈశాన్య మూలన, పోలండ్ సరిహద్దుకు దగ్గరలో అది ఉంది. వాళ్ళిద్దరూ 19వ శతాబ్దం చివరి పాదంలో పుట్టేనాటికి ఆ పల్లె హంగేరీ రాజ్యంలోని జెంప్లీన్ కౌంటీకి చెందినది. 1921లో తల్లి యూలియా భర్తను చేరుకోవడానికి ఓడ ఎక్కేనాటికి అదే పల్లె చెకోస్లొవేకియాలో ఉంది, 1993 జనవరి 1 తర్వాత స్లొవేకియాలో ఉంది. ఆ ఇంట్లో మాట్లాడుకున్నది ఆ కొండప్రాంతపు స్లావిక్ భాష రుసిన్, ఆ కుటుంబం వెళ్ళినది గ్రీకు కాథలిక్ చర్చికి, అంటే పోప్‌ను అంగీకరిస్తూనే తూర్పు ఆరాధన పద్ధతులను పాటించే శాఖకు. ఇంటిపేరు మొదట వర్హోలా, కొడుకు దాని చివరి అక్షరాన్ని తానే తీసేసుకున్నారు. ఇటువంటి కుటుంబాల కాగితాల్లో ఒకచోట హంగేరీ అని, ఇంకోచోట హంగేరీతో ఒకే చక్రవర్తి కింద ఉన్న ఆస్ట్రియా అని, మరోచోట చెకోస్లొవేకియా అని కనిపించడం సర్వసాధారణం. వీటిలో ఏదీ తప్పు కాదు, అలాగని ఏదీ ఒక్కటిగా దారి చూపదు.

స్లొవాక్ మూలాలున్న కుటుంబాల వంశవృక్షాన్ని వెతకడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంటిపేరును ఏదో ఒక వెబ్‌సైట్‌లో కొట్టి, వచ్చిన ఫలితాల్లోంచి తాతముత్తాతలను ఏరుకోవచ్చని చాలామంది మొదలుపెడతారు, కొన్ని వారాల తర్వాత అలసిపోయి వదిలేస్తారు. ఈ ప్రాంతపు రికార్డులు ఊరి వారీగా, ఆ ఊళ్ళో మళ్ళీ మతశాఖల వారీగా పుట్టాయి, నేటికీ అలాగే భద్రమై ఉన్నాయి. కాబట్టి ఏ ఊరు, ఏ చర్చి అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలియనంతవరకు పేరు తెలిసినా ఉపయోగం తక్కువ. ఆ రెండూ తెలిస్తే, పేరు అక్షరం అటూ ఇటూ అయినా మనిషి దొరుకుతాడు.

1918 అక్టోబరు 28న చెకోస్లొవేకియా ఏర్పడేదాకా స్లొవేకియా అనే పేరుతో పాలనా విభాగం ఏదీ లేదు. వెయ్యేళ్ళపాటు అది హంగేరీ రాజ్యపు ఉత్తర భాగం. స్పిష్, షారిష్, జెంప్లీన్, ఓరవా, లిప్తొవ్, ట్రెంచీన్, నిత్రా వంటి కౌంటీలుగా పాలన సాగేది. కొత్త సరిహద్దును 1920 జూన్ 4 నాటి ట్రియనాన్ ఒప్పందం ఖాయపరిచింది. అయితే 1938 నవంబరులో కోషిత్సే నగరంతో సహా దక్షిణ భాగం తిరిగి హంగేరీ చేతికి వెళ్ళి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వెనక్కి వచ్చింది. అందువల్ల దక్షిణాది ఊళ్ళలో 1920ల నాటి రిజిస్టర్లు స్లొవాక్‌లోనూ, 1940ల తొలినాటివి హంగేరియన్‌లోనూ ఉండటం చూసి కంగారు పడనక్కర లేదు.

ఊరి పేరు దొరికే చోటు చాలావరకు స్లొవేకియాలో ఉండదు, వలస వెళ్ళిన దేశంలోనే ఉంటుంది. 1870ల నుంచి 1914 వరకు ఈ ప్రాంతం నుంచి లక్షల సంఖ్యలో జనం అమెరికా వెళ్ళారు. పెన్సిల్వేనియా బొగ్గు గనులు, పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాలు, క్లీవ్‌లాండ్ ఫ్యాక్టరీలు వాళ్ళ గమ్యాలు. చాలామంది నాలుగు డబ్బులు సంపాదించుకుని తిరిగి రావాలనే వెళ్ళారు, కొందరు రెండు మూడు సార్లు వెళ్ళి వచ్చారు. దీనివల్ల ఒకే మనిషి పేరు ఓడ ప్రయాణికుల జాబితాల్లో ఒకటికి మించి కనిపించవచ్చు. తొలి జాబితా దొరకగానే ఆగిపోకుండా తర్వాతివి కూడా చూడటం మంచిది, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ జాబితాల్లో గడులు పెరిగాయి. 1880ల జాబితాలో పేరు, వయసు, దేశం తప్ప పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. 1907 తర్వాతి జాబితాల్లోనైతే పుట్టిన ఊరితో పాటు, స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా రాయించేవారు. తండ్రి ఎవరో, ఏ ఊళ్ళో ఉన్నాడో ఆ ఒక్క గడి చెప్పేస్తుంది.

ఇంటిపేర్లను న్యూయార్క్ రేవులోని వలస తనిఖీ కేంద్రమైన ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాలు మార్చేశారన్న కథ అమెరికాలోని స్లొవాక్ కుటుంబాలన్నిటిలో వినిపిస్తుంది. నిజానికి ప్రయాణికుల జాబితా తయారయ్యేది ఓడ బయలుదేరే రేవులోనే. న్యూయార్క్‌లోని ఉద్యోగులు దాన్ని దగ్గర పెట్టుకుని మనుషులను సరిచూసుకునేవారు. పేర్లు మారినది తర్వాత, గని ఆఫీసులోనో బడిలోనో పౌరసత్వ దరఖాస్తులోనో. కాబట్టి జాబితాలో వెతకవలసినది పాత వర్ణక్రమంతో ఉన్న పేరును. రేవుల విషయంలో అదృష్టం పాత్ర కొంత ఉంది. హాంబర్గ్ రేవు జాబితాలు 1850 నుంచి 1934 వరకు చాలావరకు మిగిలాయి. బ్రెమెన్ జాబితాలలో పాతవి దాదాపు అన్నీ నాశనమయ్యాయి.

అమెరికా వైపు మరికొన్ని కాగితాలు ఊరిని పట్టిస్తాయి. పౌరసత్వ దరఖాస్తుల్లో 1906 సెప్టెంబరుకు ముందువి చాలా పొడిగా ఉంటాయి, ఆ తర్వాత దేశమంతటికీ ఒకే నమూనా వచ్చి పుట్టిన ఊరు, ఓడ పేరు, వచ్చిన తేదీ నమోదయ్యాయి. 1917 జూన్‌లో జరిగిన సైనిక నమోదు కార్డులో పుట్టిన ఊరు అడిగారు, 1918 సెప్టెంబరు కార్డులో ఆ ప్రశ్నే లేదు. వీటన్నిటికంటే నమ్మదగినది స్లొవాక్ వలసదారులు కట్టుకున్న చర్చి రిజిస్టరు. ప్రభుత్వ గుమాస్తా ఆస్ట్రియా అని రాసి చేతులు దులుపుకున్న చోట, అదే ప్రాంతం నుంచి వచ్చిన ఫాదర్ వధూవరుల సొంత ఊళ్ళను, కౌంటీతో సహా, సరైన వర్ణక్రమంలో రాసి ఉంటాడు. 1890లో పుట్టిన నేషనల్ స్లొవాక్ సొసైటీ, ఫస్ట్ కాథలిక్ స్లొవాక్ యూనియన్ వంటి పరస్పర సహాయ సంఘాలు గని ప్రమాదాల్లో చనిపోయినవారి కుటుంబాలకు బీమా సొమ్ము చెల్లించేవి. ఆ సభ్యత్వ పత్రాల్లోనూ, వాటి పత్రికలు వేసిన మరణ వార్తల్లోనూ ఊరు తరచుగా దొరుకుతుంది.

దొరికిన పేరును ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. పరాయి దేశంలో ఊరేదని ఎవరైనా అడిగితే పల్లెటూరి తెలుగువాళ్ళు గుంటూరనో వరంగలనో చెప్పినట్టే, ఆ రోజుల్లో స్లొవాక్ రైతు కష్షా అనో ఎపెర్యెష్ అనో దగ్గరి పట్నం పేరు చెప్పేవాడు. కష్షా అంటే నేటి కోషిత్సే, జర్మన్‌లో కషౌ. ఎపెర్యెష్ అంటే ప్రేషొవ్. బ్రాటిస్లావాకు హంగేరియన్‌లో పోజోనీ, జర్మన్‌లో ప్రెస్‌బుర్గ్. స్పిష్‌స్కా నొవా వెస్ అనే పట్నానికి హంగేరియన్ పేరు ఇగ్లో, వినడానికి రెంటికీ సంబంధమే లేదు. నొవా వెస్ అంటే కొత్త ఊరు. మన కొత్తపల్లి, కొత్తూరు, కొత్తపేటల్లాగే ఆ పేరుగల ఊళ్ళు అక్కడ అనేకం, కౌంటీ తెలియకపోతే వాటిని విడదీయడం అసాధ్యం. 1898లో హంగేరీ ఒక చట్టం తెచ్చి ఒక్కో ఊరికి ఒకే అధికారిక నామం ఉండాలని నిర్ణయించింది, ఆ తర్వాతి ఏళ్ళలో అనేక ఊళ్ళకు హంగేరియన్ పేర్లు పెట్టింది. 1948లో చెకోస్లొవేకియా మరో విడత మార్పులు చేసింది. పార్కాన్ అనే ఊరు ష్టూరొవో అయింది, స్తారా ద్యాలా హుర్బనొవో అయింది. కాబట్టి కాగితంలోని పేరుతో పాటు కాగితం తేదీ కూడా చూసుకుని, ఆనాటి పటాన్నీ ఆనాటి ఊళ్ళ సూచికనూ సంప్రదించాలి. 1877లో ద్వోర్జాక్ కూర్చిన హంగేరీ ఊళ్ళ సూచిక ఈ పనికి చాలా విలువైనది. ఏ ఊళ్ళో ఏ మతశాఖవారు ఎందరున్నారో, చర్చి లేని పల్లెవారు ఏ ఊరి చర్చికి వెళ్ళేవారో కూడా అది చెబుతుంది.

ఈ రెండో సమాచారం లేనిదే అడుగు ముందుకు పడదు. జననాలు, వివాహాలు, మరణాలు రాసింది పల్లె కాదు, పారిష్, అంటే ఒక చర్చి పరిధి. మన తెలుగు కాథలిక్కులు విచారణ అని పిలిచేది దాన్నే. నాలుగైదు పల్లెలు కలిసి ఒక పారిష్ కావచ్చు, ఒకే పల్లెలో కాథలిక్కులు ఒక ఊరికి, లూథరన్లు మరో ఊరికి, గ్రీకు కాథలిక్కులు ఇంకో ఊరికి చెందవచ్చు. స్లొవాక్‌లో మాత్రికలు అనే ఈ రిజిస్టర్లను 1563లో ట్రెంట్ మహాసభ కాథలిక్ చర్చికి విధించింది. ఉన్న వాటిలో కొన్ని 16వ శతాబ్దం చివరి నాటివైనా, చాలా పల్లెలకు వరుసగా పుస్తకాలు దొరికేది 18వ శతాబ్దం నుంచే. యుద్ధాలు, అగ్నిప్రమాదాలు, ఎలుకలు మింగినవి ఎన్నో. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఈ పుస్తకాలకు ప్రభుత్వ పత్రాల హోదా ఇచ్చాడు. 1828 నుంచి ప్రతి పుస్తకానికీ రెండో ప్రతి రాసి కౌంటీకి పంపడం తప్పనిసరి అయింది. చర్చిలోని అసలు ప్రతి కాలిపోయిన ఊళ్ళకు నేడు ఈ రెండో ప్రతే దిక్కు. 1895 అక్టోబరు 1న ప్రభుత్వ నమోదు మొదలైంది. 1950 ఆరంభంలో చెకోస్లొవేకియా ప్రభుత్వం చర్చి రిజిస్టర్లను స్వాధీనం చేసుకుంది, అవే ఇప్పుడు ప్రభుత్వ ఆర్కైవుల్లో ఉన్నాయి.

మతశాఖ విషయంలో కుటుంబ జ్ఞాపకం మోసం చేసే సందర్భాలు రెండున్నాయి. 1781లో మతసహన శాసనం వచ్చేదాకా లూథరన్లకు చర్చి కట్టుకునే స్వేచ్ఛ బహు పరిమితం. అందువల్ల వారి జననాలూ పెళ్ళిళ్ళూ చాలావరకు కాథలిక్ పుస్తకాల్లో ఉంటాయి. లూథరన్ పుస్తకం 1780లలో మొదలైందని వంశం అక్కడితో ఆగిపోయిందనుకోవడం పొరపాటు. రెండోది గ్రీకు కాథలిక్కులది. అమెరికా చేరాక, పెళ్ళైన తమ ఫాదర్ల విషయంలో అక్కడి రోమన్ కాథలిక్ బిషప్పులతో వచ్చిన తగాదాలవల్ల, 1890ల నుంచి వేలాది కుటుంబాలు ఆర్థడాక్స్ చర్చిలో చేరాయి. నేటి మనవడు మేము తరతరాలుగా ఆర్థడాక్సే అని నమ్మకంగా చెబుతాడు. ముత్తాత జ్ఞానస్నానం మాత్రం గ్రీకు కాథలిక్ పుస్తకంలో ఉంటుంది.

ఇక పుస్తకం తెరిచాక కనిపించేదేమిటి? 19వ శతాబ్దపు తొలి సగంలోని ఒక కాథలిక్ జ్ఞానస్నాన రిజిస్టరు పుటను తీసుకుంటే, ఎడమ కొసన నెల, తేదీ, తర్వాత బిడ్డ పేరు, సక్రమ సంతానమా కాదా, తల్లిదండ్రుల పేర్లు, వారి స్థితి, ఊరు, ఇంటి నంబరు, జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడేవారు), చివర జ్ఞానస్నానమిచ్చిన ఫాదర్ సంతకం ఉంటాయి. భాష లాటిన్. స్థితి అన్న గడిలో తరచు కనిపించే మాటలు మూడు. కొలోనుస్ అంటే భూస్వామి దగ్గర సాగుకు భూమి ఉన్న రైతు. ఇంక్విలీనుస్ అంటే గుడిసె ఉండి పొలం లేనివాడు. సుబింక్విలీనుస్ అంటే ఆ గుడిసె కూడా లేక ఇంకొకరి ఇంట్లో తలదాచుకున్నవాడు. ఒకే తండ్రి పదేళ్ళలో ముగ్గురు పిల్లల జ్ఞానస్నానాల దగ్గర ఈ మూడు మెట్లూ దిగిపోవడం పుటలు తిప్పుతుంటే కనిపిస్తుంది. వంశవృక్షంలో తేదీలు ఎన్ని చేర్చినా రాని సంగతి అది. బిడ్డ పేరు పక్కన చిన్న శిలువ గుర్తు ఉంటే ఆ బిడ్డ చనిపోయినట్టు. ఆ తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు మళ్ళీ పెట్టడం ఆనాటి ఆచారం. ఆ శిలువను గమనించకపోతే చనిపోయిన పసివాడికి పెళ్ళి చేసి, పిల్లల్ని కూడా పుట్టించే వంశవృక్షాలు తయారవుతాయి. ఇంటర్నెట్‌లో అలాంటివి తక్కువేమీ లేవు.

మరణాల పుస్తకాన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు, అందులో రాసిన వయసులు ఉజ్జాయింపులు కాబట్టి. కానీ కారణం అన్న గడి వల్ల దానికి విలువ ఉంది. 1831లో తూర్పు కౌంటీల్లో కలరా వచ్చినప్పుడు కొన్ని పారిష్‌లలో పుట వెంట పుట అదే మాట కనిపిస్తుంది. ఆ ఏడాదే అక్కడ రైతుల తిరుగుబాటు కూడా జరిగింది. ఆ వేసవి తర్వాత వచ్చే శీతకాలంలో పెళ్ళిళ్ళ పుస్తకం నిండా విధవలూ భార్యలు పోయినవాళ్ళూ చేసుకున్న మారుమనువులే. విధవ పేరు అక్కడ మొదటి భర్త ఇంటిపేరుతో ఉండవచ్చు. పుట్టింటి పేరు కోసం మొదటి పెళ్ళి దాకా వెనక్కి పోవాలి.

పుస్తకాల భాష కాలాన్నిబట్టి మారుతుంది. కాథలిక్కుల లాటిన్ 1840లలో హంగేరియన్‌కు చోటిచ్చి, 1850లలో చాలాచోట్ల తిరిగి వచ్చి, 1860ల చివరి నుంచి మళ్ళీ హంగేరియన్‌కు దారి వదిలింది. లూథరన్ల పుస్తకాల్లో పాత చెక్ బైబిలు భాష కూడా ఉంటుంది, గ్రీకు కాథలిక్కుల వాటిలో సిరిలిక్ లిపి కనిపిస్తుంది. 1918 తర్వాత స్లొవాక్. దీనితో ఒకే మనిషి పేరు నాలుగు వేషాలు వేస్తుంది. లాటిన్‌లో యోవాన్నెస్ అయినవాడు స్లొవాక్‌లో యాన్, హంగేరియన్‌లో యానోష్, పిట్స్‌బర్గ్‌లో జాన్. ఇది సులువు. అదల్బెర్టుస్ అని జ్ఞానస్నానం పొందినవాడు స్లొవాక్‌లో వొయ్‌తెఖ్, హంగేరియన్‌లో బేలా అవుతాడని ముందే తెలియకపోతే ఊహించడం కష్టం. హంగేరియన్ రాతలో ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత వస్తాయి. ఈ విషయంలో అమెరికన్ పరిశోధకుడు తడబడే చోట తెలుగువాడు తడబడడు. స్లొవాక్ స్త్రీల ఇంటిపేరు చివర ఓవా చేరుతుంది, కొవాచ్ భార్య కొవాచోవా. హంగేరియన్ రాతలో భర్త పూర్తి పేరుకు నే తగిలించి భార్య పేరుగా రాస్తారు, ఆమె సొంతపేరు అందులో మాయమవుతుంది. వర్ణక్రమం మరో తలనొప్పి. హంగేరియన్‌లో ఎస్ అక్షరం ఒంటరిగా ఉంటే ష అని పలుకుతుంది, దాని తర్వాత జెడ్ ఉంటే స అని. స్లొవాక్‌లో ఒంటరి ఎస్ స మాత్రమే. కాబట్టి వెతికేటప్పుడు పేరును కంటితో కాక చెవితో పోల్చుకోవాలి.

ఒక పల్లెలో అయిదారు ఇంటిపేర్లే, పదిపన్నెండు సొంతపేర్లే ఉన్నప్పుడు ఒకే పేరుగల దంపతులు ఇద్దరు ముగ్గురు ఉండటం వింత కాదు. వారిని విడదీసేది ఇంటి నంబరు, జ్ఞాన తల్లిదండ్రులు. ఒక జంట తమ పిల్లలందరికీ తరచుగా అదే పొరుగువారిని జ్ఞాన తల్లిదండ్రులుగా పిలుచుకునేది. కొన్ని ఊళ్ళలో ఇంటిపేరు తర్వాత అలియాస్ అని చేర్చి రెండో పేరు రాసేవారు. అది ఇల్లరికం వచ్చిన ఇంటిదో, పాత యజమానిదో కావచ్చు. తర్వాతి తరం ఆ రెండో పేరునే ఇంటిపేరుగా నిలుపుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ఈ పుస్తకాల్లో పెద్ద భాగాన్ని మైక్రోఫిలింల నుంచి ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్ ఇంటర్నెట్‌లో ఉంచింది. స్లొవేకియా చర్చి, సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) పుస్తకాల పేరుతో ఉన్న ఆ సేకరణ 1592 నుంచి 1935 దాకా విస్తరించింది, ఖాతా తెరవడం ఉచితం. పేర్ల సూచిక ఉంది కానీ దాన్ని తయారుచేసినవారికి ప్రతి ఫాదర్ చేతిరాతా అర్థం కాలేదు. సూచికలో లేనంత మాత్రాన పుస్తకంలో లేదని కాదు. పారిష్ ఎంచుకుని పుట తర్వాత పుట చూడటమే అసలు పని. అందుకు ఓపిక ఉన్నవారికే ఈ అన్వేషణ ఫలిస్తుంది. అక్కడే 1869 డిసెంబరు 31 నాటి హంగేరీ జనగణన పత్రాలు కూడా కొన్ని కౌంటీలకు దొరుకుతాయి. ఇంటికో పత్రం చొప్పున కుటుంబంలోని ప్రతి ఒక్కరి పుట్టిన ఏడాది, మతం, వృత్తి, పుట్టిన ఊరు అందులో ఉంటాయి. కోడలు ఏ ఊరి పిల్లో తెలిసేది చాలాసార్లు ఇక్కడే. అంతకు వెనక్కి వెళితే 1767 నాటి మరియా తెరీసా రాణి భూమి పత్రాలు, 1715, 1720 పన్ను జాబితాలు ఉన్నాయి. వాటిలో ఇంటి పెద్ద పేరు తప్ప కుటుంబం కనిపించదు. ఒక ఇంటిపేరు ఆ ఊళ్ళో అప్పటికే ఉందని చెప్పడానికి పనికొస్తాయి, తండ్రీకొడుకుల బంధాన్ని నిరూపించడానికి పనికిరావు.

యూదు కుటుంబాలకు 1895కు ముందరి సొంత రిజిస్టర్లు కొన్ని, 1848 నాటి హంగేరీ యూదుల జనగణన కొంత మిగిలాయి. 1942 మార్చిలో పొప్రాద్ నుంచి మొదలైన రైళ్ళలో నాజీ శిబిరాలకు తరలించబడిన వారి జాడకోసం వెతకవలసిన చోట్లు మాత్రం వేరు, ముఖ్యంగా ఆ మారణకాండ మృతుల స్మారకమైన జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ.

ఇటీవల ఈ అన్వేషణకు చట్టపరమైన అవసరం కూడా తోడైంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం తల్లిదండ్రుల్లోగానీ, తాత అమ్మమ్మల్లోగానీ, ముత్తాత తరంలోగానీ ఒకరు ఇప్పటి స్లొవేకియా భూభాగంలో పుట్టి, చెకోస్లొవేకియా పౌరులై ఉంటే ఇతర షరతులకు లోబడి స్లొవాక్ పౌరసత్వం కోరవచ్చు. చిక్కు ఆ పౌరులై ఉంటే అన్న మాటలో ఉంది. 1905లో హంగేరీ ప్రజగా వెళ్ళిపోయి, 1915లో అమెరికా పౌరుడైనవాడు చెకోస్లొవేకియా పుట్టకముందే వేరే దేశస్థుడైపోయాడు. జ్ఞానస్నాన పత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అతని మునిమనవడికి అది ఈ పనికి సరిపోదు. కాబట్టి ఇటువంటివారికి పుట్టిన తేదీకన్నా అమెరికా పౌరసత్వం తీసుకున్న తేదీ ముఖ్యం.

స్వయంగా ఆ పల్లెకు వెళ్ళేవారు మొదట స్మశానానికే పోతారు, అక్కడ తరచుగా నిరాశే ఎదురవుతుంది. సమాధి స్థలానికి కుటుంబం అద్దె చెల్లిస్తూ ఉండాలి. చెల్లించేవారు లేనిచోట కాలక్రమేణా ఆ స్థలం ఇతరులకు వెళుతుంది. భూమి రికార్డుల కథ దీనికి పూర్తిగా తలకిందులు. హంగేరీ నాటి వారసత్వ నియమాల కింద పొలం పిల్లలందరికీ, ఆ పిల్లల పిల్లలందరికీ పంచుకుంటూ రావడంతో ఒక్క చేనుకు వందలమంది యజమానులు ఉండే స్థితి ఏర్పడింది. అమెరికా వెళ్ళినవాడి పేరును కొట్టేసినవారు లేరు. స్లొవేకియా భూమి రికార్డుల పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా ఊరి పేరు, యాజమాన్య పత్రం నంబరు ఇచ్చి చూడవచ్చు. ఆచూకీ తెలియని యజమానుల వాటాలను స్లొవాక్ భూమి నిధి నిర్వహిస్తుంది. వందేళ్ళ కిందట ఓడ ఎక్కినవారి పేర్లు ఆ పత్రాల్లో నేటికీ ఉన్నాయి, ఎదురుగా చిరునామా గడి ఖాళీగా, వాటా గడిలో రెండు మూడు వందల్లో ఒక వంతు అని చూపే భిన్నంతో.